ఫెయిలైన పిల్లల సారు

మా క్రాఫ్ట్ సారు పోయారని, బడిలో నాతో చదివిన మారెక్క ఫోన్ చేసింది. తుమకూరు కాలేజీలో నేను లెక్కలు చెప్తున్నాను. స్టాఫ్ రూములో నిలబడి ఆమె ఏడుపు విన్నాను. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది బాధ కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్తాను. ఆఖరి రోజుల్లో ఆయన మంచం పక్కన ఉన్నది మారెక్కా, నేను కాదా అనిపించింది. బడి వదిలి పదేళ్లు దాటినా నా కుళ్లు మాత్రం నన్ను వదల్లేదు.

పావగడ దగ్గర వై.ఎన్.హొసకోట హైస్కూల్లో ఆయన కుట్టుపని, చెక్కపని నేర్పేవారు. ఆ మార్కులు ఎవరికీ లెక్కలోకి రావు. అందుకేనేమో, మార్కులు రాని పిల్లలంతా ఆయన సొంతం. ప్రతి పరీక్ష తర్వాత ఫెయిలైనవాళ్ల లిస్టు అడిగి తీసుకునేవారు. శనివారం ఒంటిపూట బడి కాగానే వాళ్లను వెంటబెట్టుకుని బజారుకు పోయేవారు. ఒకరిని టైలరు దగ్గర, ఒకరిని మోటార్లకు వైరు చుట్టే అంగడిలో, ఇంకొకరిని శనక్కాయ మిల్లులో వదిలేవారు. ముందు "చేతులు చూపించప్పా" అని, వేళ్లు తిప్పి తిప్పి చూసి, ఎవరికి ఏ పని అన్నది తేల్చేవారు. "ఊరు ఇడిసి పోయేదుంటే పోండి. ఒక పని నేర్చుకొని పోండి," అనేవారు.

క్లాసులో ఫస్టు నేను. నా చేతులు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

వానలు లేని ఏళ్లవి. శనక్కాయ పైరు పూత మీదే మాడిపోతే, జనం పిల్లలతో సహా బెంగళూరుకు కట్టడాల పనికి పోయేవాళ్లు. ఒక ఏడాది, విత్తనం వేయగానే మారెక్కను తీసుకుపోతానన్నాడు వాళ్ల నాయన. సారు ఆదివారం వాళ్లింటికి పోయి, చేట ముందరేసుకుని విత్తనం కాయలు ఒలవడానికి కూర్చున్నారు. అదీ ఆయన పద్ధతి. బతిమాలరు, బెదిరించరు. ఇంటివాళ్లతో పాటు ఒలుస్తూ, వానల మాట, ఎద్దుల మాట మాట్లాడుతూ, వాళ్లు ఊ అనేదాకా లేవరు. మారెక్క నాయన గడుసువాడు. రెండు ఆదివారాలు మూట మొత్తం ఒలిపించుకుని, అప్పుడు "సరే సార్, ఉండనీలే పిల్లను," అన్నాడు.

మరుసటి రోజు సారు బొటనవేలికి గుడ్డ కట్టుకుని బడికి వచ్చారు. దాన్ని చూసి మారెక్క మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది. మా నాయనకు బజారులో అంగడి ఉంది. నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. కాబట్టి నా కోసం ఎవరూ గోరు చిట్లించుకోరు.

పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల పేపరు మీద పేరు రాసి, మూడు గంటలూ ఊరికే కూర్చుని, తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను. సున్నా వచ్చింది. ఇంట్లో కడుపునిండా తిట్లు తిని, శనివారం దర్జాగా పోయి వరసలో మారెక్క వెనక నిలబడ్డాను.

"నువ్వేందమ్మా ఈడ?" అన్నారు సారు.

"ఫెయిలైనాను సార్," అని రెండు చేతులూ చాపాను.

ఆయన నా చేతుల వైపు చూడలేదు. ముఖం వైపూ చూడలేదు. "నీకు నాతో పని లేదు. ఇంటికి పో," అని మిగతావాళ్లతో వెళ్లిపోయారు. ఆ గొంతులో అంత కటువుతనం నేను ముందెప్పుడూ వినలేదు. ఆ తర్వాత పంతానికి చదివాను. నా ఉద్యోగం ఆ పంతం పెట్టిన భిక్షే.

మారెక్క ఇప్పుడు పావగడలో నాలుగు మిషన్లు పెట్టి స్కూలు యూనిఫారాలు కుట్టిస్తోంది. లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కని మారెక్క, గుడ్డను ఒకసారి విదిలించి ఎన్ని చొక్కాలు వస్తాయో చెప్పేస్తుంది. ఆ తెలివి బడిలో ఒక్క ఆయనకే కనపడింది. ఎంత కుళ్లుకున్నా ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

నేను బస్సు దిగి పోయేసరికి పాడె కట్టడం దగ్గర్నుంచి అన్నీ ఆయన పని నేర్పించిన పిల్లలే చేసేశారు. నాకంటూ ఏ పనీ మిగల్లేదు. పదకొండో రోజు మళ్లీ పోయి సారు భార్య దగ్గర కూర్చున్నప్పుడు ఉండబట్టలేక ఆ సున్నా సంగతి చెప్పేశాను.

"తెలుసు పాపా. ఆ దినమే వచ్చి చెప్పినాడు."

"నా మీద కోపం వచ్చిందా అమ్మా?"

"కోపం గాదు, కడుపుమంట," అందామె. "మీ సారు ఎస్సెస్సెల్సీ మూడు తూర్లు రాసినాడు. మూడు తూర్లూ లెక్కల్లోనే పోయింది. ఆ కాలంలో క్రాఫ్ట్ ట్రైనింగుకు ఏడో క్లాసు చాలు. అట్ల సారయినాడు. ఆ పొద్దు ఇంటికొచ్చి, 'నేను ఏడ్సి ఏడ్సి రాసినా రానిదాన్ని ఆ పిల్ల చేతులారా పారేసుకొని వచ్చిండాదే' అన్నాడు. నిన్ను చూసినప్పుడంతా అంతే పాపా, ఆయనకు ఓర్చుకొనేకి అయ్యేది గాదు."

ఆయన మనసులో నాకు చోటే లేదని ఇన్నేళ్లూ ఏడ్చాను.

ఆ శనివారం సాయంత్రం ఆయన అన్నం తినలేదట. నేను చూడని ఆ సాయంత్రమే ఇప్పుడు నా కళ్ల ముందు నిలిచింది. కంచంలో సంగటి ముద్ద తడి ఆరి బీటలు వారుతోంది. పక్కన పప్పు చల్లారిపోతోంది. సారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు.