వరసల గది

కాడుగోడి రైల్వే స్టేషన్ దాటి మార్కెట్ వైపు నడిస్తే, కొబ్బరికాయల మండీ పక్కన ఒక పాత పెంకుటిల్లు ఉంటుంది. గుమ్మం మీద మా చరిత్ర సంఘం బోర్డు. మ్యూజియం, వంశచరిత్రల లైబ్రరీ అని కన్నడంలో పెద్దగా, తెలుగులో చిన్నగా రాయించాం. ఆ బోర్డు చదివేవాళ్ళు తక్కువ. తలుపు తీసి ఉంది కదా అని లోపలికి వచ్చి, జిరాక్స్ తీస్తారా అని అడిగేవాళ్ళే ఎక్కువ. టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక నేను ఇంట్లో ఉంటే ఎవరికీ మనశ్శాంతి ఉండదని మావాళ్ళే నన్ను ఇక్కడికి సాగనంపారు. వచ్చినవాళ్ళ మీద అరుస్తానని నాకు పేరుంది. అబద్ధమని చెప్పను.

ముందు గది మ్యూజియం. అందులో ఏముందంటే, ముఖ్యంగా రాగులు విసిరే విసుర్రాళ్ళు ఉన్నాయి. చుట్టుపక్కల ఒక పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టారంటే చాలు, ఆటోలో ఒక విసుర్రాయి మా గుమ్మం ముందు దిగుతుంది. "మా అవ్వది మేడమ్, పారేసేకి మనసు రాలా" అంటారు. నాకు మాత్రం వద్దనడానికి మనసొస్తుందా? తీసుకుంటాను, నడుం పట్టేస్తుంది. అంతటితో పోతుందా అంటే, ఇచ్చినవాళ్ళు ఆర్నెల్లకు చుట్టాలను వెంటేసుకొని వచ్చి, మా రాయిని బీరువా చాటున ఎందుకు పెట్టారని తగువుకు దిగుతారు. ఒక రైల్వే లాంతరు, ఎవరికీ చదవడం రాని తాటాకుల కట్ట ఒకటి, గింజలు కొలిచే కొన్ని సేర్లు, పళ్ళు ఊడిన ఒక దువ్వెన, ఇవి మిగతా వైభవం.

వెనక గది లైబ్రరీ. ఆదివారం మహదేవపుర నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తారు. వాళ్ళలో సగం మందికి వంశంలో ఒక పాలెగాడు కావాలి. దేవనహళ్ళి వైపువాళ్ళకు పాలెగాడు ఆనడు, కోటను కాపాడిన సేనాపతే కావాలి. మీ ముత్తాత చింతపండు వ్యాపారం చేసేవాడు, తూకంలో మోసం లేనివాడని పేరు తెచ్చుకున్నాడు అని చెబితే మొహాలు వాడిపోతాయి. తూకంలో మోసం చేయనివాడు దొరకడం సేనాపతి దొరికినంత సులువా అని నేను కోప్పడతాను.

ఆ పిల్లల్లోనే ఒకరు మా వంశవృక్షాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తామని ముచ్చటపడి ఏదో విదేశీ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మొదటి కుటుంబంలోనే అది మొరాయించింది. పెళ్ళికూతురి భర్తా, ఆమె తల్లి తమ్ముడూ ఒకరే ఎలా అవుతారు, సరిచూసుకోండి అని ఎర్ర గుర్తు పెట్టింది. సరిచూసుకోవడానికేముంది, మేనమామను చేసుకుంది! మా వైపు ఇంటింటికీ ఒక మేనరికం ఉంటుంది. ఇల్లిల్లూ ఎర్రబడేసరికి దానికో దండం పెట్టి మళ్ళీ క్యాలెండర్ల వెనక వైపు పెన్సిల్‌తో గీసుకోవడం మొదలుపెట్టాం.

మా పద్ధతి వేరు. పేరు తరవాత, ముందు పిలుపు. ఆయన్ని నువ్వు ఏమని పిలిచేదానివి, ఆమె నిన్ను ఏమని పిలిచేది, ఇదే అడుగుతాం. పేర్లను నమ్మడానికి లేదు. ఒకే తాత పేరు ఇంటినిండా మనవళ్ళకు పెడతారు. పిలుపు అలా కాదు, చిన్నప్పుడు నోటికి అలవాటైంది ముసలితనంలో కూడా తడుముకోకుండా వస్తుంది. అన్ని పిలుపులూ రాసుకుంటే వరసలు వాటంతటవే తేలతాయి.

పోయిన వానాకాలం దేవనహళ్ళి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మహదేవపురలో ఉద్యోగం. అదే ఆఫీసులో పనిచేసే హిందూపురం వైపు అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంది. రెండు ఇళ్ళవాళ్ళూ మంచివాళ్ళే, తీరా మాట్లాడుకుంటే గోత్రం ఒకటే అని తేలింది. గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. అబ్బాయి తరఫు పెద్దలు దీనికి ఒక ఉపాయం చెప్పారు. పెళ్ళికి ముందు అమ్మాయిని ఆమె మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి దత్తత ఇచ్చేస్తే ఆ ఇంటి బిడ్డ అవుతుంది, గోత్రం మారుతుంది, అడ్డు తొలగుతుంది. ఇలా చేయడం మా వైపు ఉన్నదే. అమ్మాయి తల్లిదండ్రులూ సరేనన్నారు. దత్తత మాట వినగానే ఆమె అవ్వ, అంటే తండ్రి తల్లి, అన్నం ముందు నుంచి లేచిపోయి, ఈ పెళ్ళి జరగడానికి వీల్లేదంది. కారణం చెప్పదు. ఆవిడ కాదంటే ఆ ఇంట్లో ఎవరూ అడుగు ముందుకు వేయరు.

"ఆంటీ, మా రెండు ఫ్యామిలీస్‌కీ అసలు సంబంధమే లేదని మీరు ప్రూవ్ చేస్తే దత్తు అవసరమే ఉండదు కదా? ప్లీజ్ ఆంటీ" అంది.

ఇది మ్యూజియమమ్మా, పెళ్ళిళ్ళు కుదిర్చే చోటు కాదని కసిరాను. ఆ పిల్ల లేచి వెళ్ళలేదు, కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చుంది. నాకు కోపం ఎంత త్వరగా వస్తుందో జాలీ అంతే. మీ అవ్వను తీసుకురా, ఆవిడ చెబితే తప్ప నాకు గీత కదలదన్నాను. ఈలోగా ఆ గోత్రంవాళ్ళ వంశవృక్షాల పటాలన్నీ తీసి పరిచాను. ఎంత వెనక్కి వెళ్ళినా ఆ రెండు ఇళ్ళూ ఎక్కడా కలవలేదు. గోత్రం పట్టుకు కూర్చున్న పెద్దలకు నా క్యాలెండర్ కాగితాలు ఒక లెక్కా అన్నది వేరే సంగతి.

తరవాతి ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని అవ్వ వచ్చింది. ముందు గదిలో నిలబడి చుట్టూ చూసి, "ఇన్ని రాళ్ళు పెట్టుకోని పిండి మాత్రం యాడా లేదేమ్మా?" అంది. నాకు ఆవిడ వెంటనే నచ్చింది. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి పిలుపులు అడగడం మొదలుపెట్టాను. ఆవిడ గబగబా చెబుతోంది. చిన్నప్పుడు తల దువ్వి జడ వేసిందెవరు అంటే, "మా అత్త" అంది. జ్వరమొస్తే పక్కన కూర్చుందెవరు అంటే మళ్ళీ "మా అత్త" అంది. మరి మీ అమ్మ అంటే, "మా అమ్మది వేరే ఊరు" అంది. చిన్నప్పుడు తిరునాళ్ళకు భుజం మీద మోసుకుపోయిన మనిషిని మామ అంది. కాసేపటికి అదే మనిషిని మా నాయన అంది.

నాకు చిర్రెత్తింది. "ఒకే మనిషి మామ ఎట్లా అవుతాడు, నాయన ఎట్లా అవుతాడు? ఏదో ఒకటి చెప్పవ్వా, నేనెక్కడ రాయాలి?"

"రెండూ రాసుకోమ్మా. రెండూ నిజమే" అంది అవ్వ. గ్లాసు కింద పెట్టింది. "మా ఇంటాయనదీ నన్ను కన్న నాయనదీ ఒగటే గోత్రం. పెండ్లికి ముందు నన్ను మా మామ ఒళ్ళో కూసోబెట్టినారు. మా అమ్మే చెయ్యి పట్టుకోని తీస్కపోయి కూసోబెట్టింది. నేను లేసేటప్పటికి మామ నాయనయినాడు, ఆయన పెండ్లాం అమ్మయింది. మామకు చెల్లెలు గదా మా అమ్మ, అత్తయిపాయ. పిలుపు మారకపోతే వరస కుదిరినట్టు కాదని అత్తగారింట్లో పట్టు పట్టినారు. ఆ పొద్దు నుంచి మా అమ్మను అత్తా అనే పిలిచినా."

నేను అత్త పక్కన అమ్మ అని రాసుకున్నాను. అవ్వ మళ్ళీ అందుకుంది.

"ఆఖర్లో మా అమ్మ మంచం మీద ఉండె. ఒగసారి అమ్మా అనవే, ఇని పోతా అనింది. ఇంటినిండా చుట్టాలుండ్రి. నాకు నోరు రాలా. ఇప్పుడు దీన్ని కూడా ఒళ్ళో కూసోబెడతారంట. దీనికి తల్లి బతికుండాది గదమ్మా."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దాచుకోవడానికి కాగితాలు సర్దుతూంటే, అవ్వ చెప్పిన ఊరూ కన్నతండ్రి పేరూ ఉన్న పటం చేతికి తగిలింది. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండేది. పెళ్ళి ఊసు లేదు, పిల్లల ఊసు లేదు, చిన్నప్పుడే చనిపోయిందనుకుని ఎప్పుడో నేనే పేరు మీద అడ్డంగా గీత కొట్టాను. ఆ పిల్ల ఇప్పుడు నా ఎదుట కూర్చుని మజ్జిగ తాగుతోంది.

"ఎవురిదమ్మా ఆ గీత?" అంది అవ్వ.

"నీదే అవ్వా. తప్పు కొట్టాను."

"సరిగ్గానే కొట్టినావులే" అని నవ్వింది.

అమ్మాయి ఏడుస్తూ అవ్వ మోకాళ్ళు పట్టుకుంది. తమ ఇంటి గోడ మీది ఫోటోలో, అవ్వ అత్త అని చూపించే మనిషి అవ్వ తల్లేనని తనకు ఇన్నాళ్ళూ తెలియదట. ముందే చెప్పి ఉండొచ్చు కదా అంటే, "సుమ్నే, ఊరికే చెప్పుకునే మాటనా అది?" అని అవ్వ గసిరింది. తరవాత మిగిలిన మజ్జిగ తాగేసి గ్లాసు నా చేతికిచ్చింది.

"ఒళ్ళో కూసోబెట్టకుండా చేస్తే ఏమయితాది?" అని నన్నే అడిగింది.

"ఏమీ కాదవ్వా. నలుగురు నాలుగు మాటలంటారు."

"అననీ. అననీలే. దీని అమ్మా నాయనే పీటల మీద కూసుంటారు, దీన్ని ఎవురికీ ఇచ్చేది లేదు అని ఆ హిందూపురమోళ్ళకు నేనే చెప్తా. గోత్రం అడిగేటోళ్ళుంటే నా కాడికి రమ్మను. ఇష్టముంటే చేసుకుంటారు." మనవరాలి వైపు తిరిగింది. "ఫోన్ చెయ్యి మీ ఇంటికి."

అమ్మాయి ఫోన్ చేసింది. అవతల తల్లి ఎత్తినట్టుంది. "అమ్మా, అవ్వ ఒప్పుకుంది" అంది.

అవ్వ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది. "ఇంగొకసారి చెప్పు."

"అవ్వ ఒప్పుకుంది."

"అది కాదే. దానికి ముందర మాట."

"అమ్మా" అంది అమ్మాయి.