పిలవని పండుగకు రెండు టిక్కెట్లు

మా రదోయ్కా ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళను విమానాలు ఎక్కిస్తూనే ఉంది. తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. మా నిష్ ఊరి నడిబజారులో మెట్లు దిగితే వచ్చే దుకాణాల వరుసలో ఆమెది టిక్కెట్ల కొట్టు, పక్కనే నాది కుట్టుపని కొట్టు. మధ్యన అద్దం గోడ. ఆమె ఫోన్లో ఏం మాట్లాడినా నా చెవిన పడాల్సిందే. వినాలని వినను, చెవులున్నాయి కాబట్టి వింటాను.

అక్టోబరులో ఒక సోమవారం మాల్మో నుంచి తిహోమిర్ ఫోన్ చేశాడు. చిన్నప్పుడు రదోయ్కా ఇంటి కింది అంతస్తులో పెరిగిన పిల్లాడు. ఇప్పుడు అరవై దాటిన మనిషి.

"అక్కా, నవంబరు ఇరవై ఒకటిన ఒకణ్ణి కలవాలి. వాడు దుబాయ్ నుంచి రావాలి. నా ఊరూ వద్దు, వాడి ఊరూ వద్దు, మధ్యలో ఎక్కడో చూడు. నేనడిగానని మాత్రం చెప్పకు. నువ్వే ఏదో ఒకటి చెప్పి రప్పించు."

"ఒకడంటే ఎవడ్రా? మీ తమ్ముడేగా?"

"ఒకడన్నానుగా!" అని పెట్టేశాడు.

బుధవారం దుబాయ్ నుంచి ఆ తమ్ముడు బ్లాగోయే ఫోన్ చేశాడు. "అక్కా, మాల్మోలో ఒకాయన ఉన్నాడు. ఇరవై ఒకటిన కలవాలి. మధ్యలో ఏదైనా ఊరు చూడు. నేనడిగానని చెప్పావంటే నా మీద ఒట్టే."

రదోయ్కా ఫోన్ పెట్టి తిన్నగా నా కొట్లోకి వచ్చి, నేను ఇస్త్రీ చేసిన కోటు మీదే కూర్చుంది. "స్తానియా, నాకు బుర్ర తిరుగుతోంది. ఇద్దరికీ కలవాలనే ఉంది. ఇద్దరికీ మాటిచ్చాను. ఇక నేనెవరికి ఏమని చెప్పాలే?"

"ముందు ఆ కోటు మీంచి లే," అన్నాను.

ఆ వేసవిలో వాళ్ళ మేనత్త పోయింది. ఇద్దరిలో ఒక్కడూ సమాధి దగ్గరికి రాలేకపోయాడు. ఇక తమకు మిగిలింది తామిద్దరేనని అప్పుడు తట్టినట్టుంది. కానీ ఆరేళ్ళుగా ఎడమొహం పెడమొహం. దానికి కారణం వింటే నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు.

మాలో ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు, ఏడాదికొకసారి ఆయన పండుగ. దాన్ని స్లావా అంటాం. వీళ్ళ ఇంటికి ప్రధాన దూత మిఖాయేలు, నవంబరు ఇరవై ఒకటి. ఆ రోజు పొడవాటి కొవ్వొత్తితో దీపం వెలిగించి, రొట్టె విరిచి, వచ్చినవాళ్ళకు కడుపునిండా పెడతాం. అయితే ఎవరినీ పిలవం. ఒకసారి వచ్చినవాడు బతికున్నంతకాలం తనంతట తానే వస్తాడు. పిలిచామంటే "నువ్వు పరాయివాడివి, పిలిస్తే గాని రావు" అని మొహం మీద అన్నట్టే. ఇంకెక్కడైనా పిలవని పేరంటానికి వెళ్తే పరువు పోతుందేమో, మా దగ్గర పిలిచిన పేరంటానికి వెళ్తేనే పోతుంది.

ఆరేళ్ళ కిందట, వాళ్ళమ్మ చనిపోయిన ఏడాది, మొదటిసారి తిహోమిర్ తన ఇంట్లో పండుగ పెట్టాడు. కాఫీకి కూడా వారం ముందే వేళ ఖాయం చేసి కబురు పెట్టుకునే దేశంలో ముప్ఫై ఏళ్ళు బతికాడు కదా, తమ్ముడికి అచ్చువేసిన కార్డు పంపించాడు. "సాయంత్రం అయిదు గంటలకు మా ఇంటికి దయచేయగలరు." బ్లాగోయే అప్పటికే టిక్కెట్టు కొనుక్కుని ఉన్నాడు. కార్డు చూసి టిక్కెట్టు చించేశాడు. "సొంత అన్న నన్ను పిలిచాడక్కా!" అని ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చాడట. "మర్యాదగా పిలిస్తే తప్పా?" అని తిహోమిర్. అంతే, మాటలు బంద్.

సరే, మధ్యలో ఊరు వెతకాలి. రదోయ్కా గోడ మీది పటం దించి నా బల్ల మీద పరిచింది. నేను దారం తీసి మాల్మో నుంచి దుబాయ్‌కి పట్టి, సగానికి మడిచి గుండుసూది గుచ్చాను. సూది నల్లసముద్రంలో దిగింది.

"ఇద్దరికీ చెరో పడవ మాట్లాడమంటావా?" అంది రదోయ్కా.

వియన్నా అంటే తిహోమిర్ ఒప్పుకోలేదు. "వాడికి చలి పడదు. చిన్నప్పుడు రెండు చలికాలాలు ఆసుపత్రిలోనే ఉన్నాడు, మర్చిపోయావా?" ఇస్తాంబుల్ అంటే బ్లాగోయే గయ్యిమన్నాడు. "ఆ విమానాశ్రయంలో అరగంట నడవాలి. ఆయన మోకాళ్ళు పనికొస్తాయా?" ఏథెన్స్ అంటే మళ్ళీ తిహోమిర్. "వాడు నాకంటే ఆరు గంటలు ముందు దిగుతాడు. ఒక్కడూ ఏం చేస్తాడక్కడ?" థెస్సలోనికీ అందరికీ నచ్చింది. తీరా హోటలువాళ్ళకు ఫోన్ చేస్తే, గదిలో కొవ్వొత్తి వెలిగిస్తే పొగగంట మోగుతుంది, కుదరదన్నారు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా దీపం వెలగని పండుగ ఏం పండుగ?

పది రోజులు ఇదే గోల. రదోయ్కా ఒక ఊరి పేరు రాయడం, కొట్టేయడం, మళ్ళీ అదే రాయడం. ఒకరోజు ఒక ముసలాయన వార్సా టిక్కెట్టు అడిగితే వర్ణాకు ఇచ్చింది.

"వీళ్ళకేం కావాలో నాకర్థం కావడం లేదు. ఎవడికివాడు తనకెక్కడైనా సరేనంటాడు, రెండోవాడికి పడదంటాడు," అంది.

"మీ ఇంటికే రప్పించరాదూ? మీ ఆయన ఇలవేల్పూ మిఖాయేలేగా. దీపం ఎలాగూ వెలిగిస్తావు."

"ఎలా రప్పించనే? పిలవాలిగా! పిలవడంతోనేగా కొంప మునిగింది!"

నాకు ఒళ్ళు మండింది. "పిలవకు మరి! టిక్కెట్లు అమ్ముకునేదానివి, టిక్కెట్టు అమ్ము!"

 రదోయ్కా వెంటనే వెళ్ళి తిహోమిర్‌కు ఫోన్ కలిపింది. "ఒరేయ్, నేను వెతికి వెతికి అలసిపోయాను. ఇరవయ్యో తేదీన నిష్‌కు సీటుంది, రాసేశాను. ఇరవై ఒకటిన నేను ఇంట్లోనే ఉంటాను. నేనేమీ అనడం లేదు." బ్లాగోయేకీ అదే పాఠం, అతనికి ఇరవై ఒకటి పొద్దుటి విమానం.  "అక్కా, నువ్వు నన్ను పిలుస్తున్నావా?" అన్నాడతను.

"ఛీ! నిన్ను నేనెందుకు పిలుస్తానురా!"

ఇరవై ఒకటి పొద్దున నేను రదోయ్కాకు సాయానికి వెళ్ళేసరికి ఊరిని పొగమంచు కమ్మేసింది. పూజారి వచ్చి రొట్టె మీద శిలువ కోసి వెళ్ళిపోయాడు. పదకొండింటికి తిహోమిర్ వచ్చాడు, చేతిలో సీసా, కాఫీ పొట్లం. రొట్టె విరుద్దామంటే రదోయ్కా ముట్టుకోనివ్వలేదు. మధ్యాహ్నం దాటింది. పొగమంచువల్ల బ్లాగోయే రావాల్సిన విమానం ఇక్కడ దిగలేక పొరుగు దేశంలోని సోఫియాలో దిగిందని తెలిసింది. అక్కణ్ణుంచి బస్సుంది, సరిహద్దుంది. అసలు బ్లాగోయే ఆ విమానం ఎక్కాడో లేదో ఎవరికీ తెలియదు. ఫోన్ పలకడం లేదు.

తిహోమిర్ సర్మా, అంటే మాంసం కూరిన కాబేజీ చుట్టలు, ముట్టలేదు. మెట్ల మీద అడుగు చప్పుడైతే చాలు, మాట మధ్యలో ఆగిపోయేవాడు. పై అంతస్తువాళ్ళూ, పోస్టుమాస్టరూ, మా ఆయనా వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. నాలుగున్నరకు కొవ్వొత్తి జానెడు మిగిలింది. తిహోమిర్ లేచి కోటందుకున్నాడు.

"వాడు రాడక్కా. నేను చేసింది చిన్న తప్పు కాదు. కూర్చున్నకొద్దీ ఏడుపొస్తోంది, పోనీ నన్ను."

తలుపు తీసేసరికి ఎదురుగా బ్లాగోయే, తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. బూట్లనిండా బురద.

 నాకైతే ఆ ఇద్దర్నీ చెరో లెంపకాయ కొట్టాలనిపించింది. రదోయ్కా రొట్టె తెచ్చి ఇద్దరి చేతుల మధ్యా పెట్టింది. "పట్టుకోండిరా, నా చేతులు నొప్పి పుడుతున్నాయి." ఇద్దరూ దాన్ని మూడుసార్లు తిప్పారు, ద్రాక్షసారా పోశారు, విరిచారు. పెద్దముక్క బ్లాగోయే చేతికొచ్చింది.

"ఎప్పుడూ వీడికే పెద్దది," అన్నాడు తిహోమిర్. అని భోరుమన్నాడు. తమ్ముడు తన ముక్కను అన్న నోటికందించాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పళ్ళెమంత సర్మా తినేశారు.

మర్నాడు బయలుదేరేటప్పుడు కూడా అక్కడే ఉన్నాను. తిహోమిర్ వంగి బూటు తాడు కట్టుకోలేక గోడ పట్టుకుని మూలుగుతున్నాడు. బ్లాగోయే మోకాళ్ళ మీద కూర్చుని కడుతున్నాడు. తిహోమిర్ తమ్ముడి నడినెత్తి వైపు చూస్తూ అన్నాడు.

"వచ్చే ఏడు ఇరవై ఒకటిన నేను మాల్మోలో ఇంట్లోనే ఉంటాను. నిన్ను పిలవడం లేదు."

బ్లాగోయే తలెత్తకుండా ముడి బిగించాడు. "పిలిచి చూడు చెప్తాను."