బండింటి కప్పు మీద డిష్

రిటైరయ్యాక మా ఆయనకు మోటార్‌హోమ్ పిచ్చి పట్టింది. ఏదో బడివాళ్లు వదిలించుకున్న పాత మినీ బస్సు కొని, సీట్లన్నీ పీకించి, మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు పెట్టించారు. కిటికీలకు పూల కర్టెన్లు నేను కుట్టాను. దాన్ని ఆయన మోటార్‌హోమ్ అంటారు. రాజమండ్రిలో మా వీధివాళ్లు బండిల్లు అంటారు. పెట్రోలు బంకులో ఒక పెద్దమనిషి అది రక్తదానం బండి అనుకుని చొక్కా చెయ్యి పైకి మడిచి వచ్చాడు. మా ఆయన రెండు రోజులు ఆ బంకు పేరు ఎత్తనివ్వలేదు.

బండిలో అన్నీ కుదిరాక టీవీ మీద పడ్డారు. అత్తయ్యగారి మంచానికి ఎదురుగా చిన్న టీవీ బిగించారు. కప్పు మీద డిష్ పెట్టారు. దాన్ని తిప్పుకోవడానికి వీలుగా కింద ఒక గొట్టం, గొట్టాన్ని బిగించడానికి ఒక పెద్ద నట్టు. ఇంటి ముందు పెట్టి చూస్తే మొదటిసారికే బొమ్మ అద్దంలా వచ్చింది. అందులో ఆయన గొప్పేమీ లేదు. మా వైపు డిష్ పెట్టేవాళ్లెవరూ కోణాలు కొలవరు. మేడెక్కి పక్కిళ్ల డిష్‌లు ఎటు చూస్తున్నాయో చూసి, మనదీ అటే తిప్పుతారు. ఆయనా అదే చేశారు. కానీ ఆ రోజు నుంచి నడక మాత్రం ఇంజనీరుగారి నడక.

అసలు సంగతి అత్తయ్యగారిది. కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచి మా లూథరన్ చర్చి క్వయర్‌లో ఆవిడ పాడుతూనే ఉన్నారు. ఇన్నాళ్లకు ఒక టీవీ చానెల్ వాళ్లు వచ్చి మా క్వయర్ పాటలు రికార్డు చేసుకుపోయారు. అందులో ఒక పాట అత్తయ్యగారు ఒక్కరే పాడారు. ఆ కార్యక్రమం శనివారం సాయంత్రం వస్తుందని చెప్పారు. సరిగ్గా ఆ శనివారమే మా ఆయన సముద్రం వైపు ప్రయాణం పెట్టారు. వాయిదా వేద్దామంటే, ఇంట్లో ఎలా వస్తుందో అక్కడా అలాగే వస్తుందని పట్టుబట్టారు. అత్తయ్యగారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు.

“వస్తాన్రా. కానీ ఆ కాస్సేపూ నువ్వు నా పక్కన కూర్చుని చూడాలి.”

ఆ షరతుకో కారణం ఉంది. చిన్నప్పటి నుంచి మా ఆయనకు యంత్రాలంటే ప్రాణం. చర్చిలో ఏ పండగొచ్చినా, ఏ కూటమైనా ఆయన బయట జనరేటర్ దగ్గరో, మైకు సెట్టు దగ్గరో ఉండేవారు. తల్లి గొంతు ఊరంతటికీ సరిగ్గా వినపడేలా చూసింది ఆయనే. ఆవిడ నిలబడి పాడుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

ద్రాక్షారామం దాటి, కాలవ గట్లు పట్టుకుని మలుపులు తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి మడ చెట్ల మధ్య ఒక ఏటిపాయ ఒడ్డున ఆగాం. చోటు ఎంతో బాగుంది. కానీ చూసి తిప్పుకుందామంటే చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. మా బటన్ ఫోన్లలో సిగ్నల్ లేదు. అల్పపీడనం పట్టి పొద్దున్నించీ సూర్యుడి జాడే లేదు. అన్ని మలుపులు తిరిగాక ఏది తూర్పో ఏది పడమరో నాకు తెలియలేదు, డిష్ చూడాల్సిందేమో దక్షిణం వైపు.

మా ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. ధవళేశ్వరం కింద కాలవల ఆఫీసులో గుమాస్తాగా సర్వీసంతా చేసిన మనిషి. ఆయనకు దిక్కులు చెప్పేది సూర్యుడు కాదు, నీళ్లు. నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి పాఠం చెప్పారు. నీళ్లు ఎటు పోతుంటే అటు సముద్రం ఉన్నట్టు. ఇక్కడ సముద్రం తూర్పున. అటు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం. నీళ్లు మా ఎడమ నుంచి కుడికి చక్కగా పోతున్నాయి. లెక్క చూసుకుని నిచ్చెనెక్కి, డిష్ తిప్పి, నట్టు బిగించారు.

టీవీలో సిగ్నల్ లేదన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆయన పైనుంచి “వచ్చిందా?” అనడం, నేను కిందనుంచి రాలేదనడం. వేలెడు ఇటు, వేలెడు అటు. వైర్లు పీకి మళ్లీ పెట్టారు. బాక్సును తుడిచారు, తట్టారు, తిట్టారు. చివరికి నేను రిమోటు సరిగ్గా పట్టుకోవడం లేదన్నారు. నాకు ఒళ్లు మండి రిమోటు మంచం మీద పడేశాను.

ఈ గొడవంతా పట్టనట్టు అత్తయ్యగారు రికార్డింగు రోజున కట్టుకున్న చీరే కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని మంచం మీద కూర్చున్నారు. పక్కన కొడుక్కి చోటు వదిలి, ఆ చోట్లో దిండు కూడా వేసి పెట్టారు. కిటికీలోంచి పాయ వైపు చూస్తూ ఆవిడ నెమ్మదిగా అన్నారు.

“అమ్మాయ్, ఆ గుర్రపుడెక్క కుప్ప చూడు. దాని మీద తెల్ల సంచి చిక్కుకుని ఉంది కదా. ఇందాక అటు పోయింది, ఇప్పుడు మళ్లీ ఇటొస్తోందేంటి?”

నేను ఆ మాట పైకి కేకేసి చెప్పాను. కప్పు మీంచి మా ఆయన తలకొట్టుకున్న శబ్దం వినపడింది. ఇందాక ఉన్నది పోటు. సముద్రపు నీళ్లు పాయలోకి ఎదురెక్కుతుంటే ఈయన సముద్రాన్ని పడమటికి పంపేసి, డిష్‌ను ఉత్తరానికి తిప్పి కూర్చున్నారు. కాలవ వెనక్కి పారడం ఆయన సర్వీసులో ఎక్కడుంది!

అప్పటికి కార్యక్రమం మొదలయ్యే వేళయింది. ఆ తొందరలో నట్టు ఊడదీస్తే అది చేతిలోంచి జారి, కప్పు మీద దొర్లి, పాయలో పడింది. ఆయన డిష్‌ను రెండు చేతులా పట్టుకుని ఇటు తిప్పారు. టీవీలో బొమ్మ వచ్చింది. మా క్వయరే! వచ్చిందని అరిచాను. వదిలి దిగబోయారు, బొమ్మ పోయింది. మళ్లీ పట్టుకున్నారు, వచ్చింది. నేను వెళ్లి పట్టుకుందామంటే ఆ నిచ్చెన ఎక్కే మోకాళ్లు నాకు లేవు.

అత్తయ్యగారి పాట వచ్చింది. తెర మీద ఆవిడ ఎంత బాగున్నారో. నేను వాల్యూమ్ పెంచి, పైకి వినపడాలని తలుపు బార్లా తెరిచాను. ఆవిడ తనను తాను చూసుకోవడం లేదు, పక్కనున్న దిండును చూస్తున్నారు.

“వాడెప్పుడూ ఇంతే అమ్మాయ్. నేను పాడినప్పుడల్లా బయటే ఉంటాడు.”

నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పాట అయిపోయింది. ఆవిడ అదే చెయ్యి ఊతంగా లేచి, మెట్టు దిగి, బండి పక్కకు వచ్చి నిలబడి తలెత్తారు.

“ఒరే నాన్నా, ఇటు చూడు.”

ఆయన పైనుంచి వంగి చూశారు. అత్తయ్యగారు కొంగు సర్దుకుని, చర్చిలో నిలబడ్డట్టే నిలబడి, ఆ పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు. మైకు లేదు, జనరేటర్ లేదు. గొంతు కొంచెం వణికింది, చరణంలోకి వచ్చేసరికి కుదురుకుంది.

లోపల టీవీలో వంటనూనె ప్రకటన వస్తోంది. ఇక డిష్ వదిలెయ్యొచ్చని చెప్పాలన్నది నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. పాట అయ్యేదాకా దాన్ని రెండు చేతులా పట్టుకుని, వాళ్లమ్మ మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డారు.