ఇరవై నిమిషాల కారు

కర్టెన్లు కుట్టే ఆవిడని అందరూ కర్టెన్లక్క అనే పిలిచేవారు. గుడ్డల తానులు బస్సుల్లో మోయలేక, యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, సొంత సంపాదనతో ఒక పాత కారు కొనుక్కుంది. కిందటేడు మెకానిక్ చేత కొత్త రంగు వేయించినా, దానికి లేని జబ్బు లేదు. వెనక తలుపు బయటినుంచి తీస్తేనే వచ్చేది. హారన్ దానికి బుద్ధి పుట్టినప్పుడు మోగేది. అవన్నీ ఆవిడ నవ్వుతూనే భరించింది. భరించలేనిది ఒక్కటే. ఏడాదిగా, బయల్దేరిన ఇరవై నిమిషాలకల్లా ఇంజను ఊపిరాడనట్టు నాలుగు గెంతులు గెంతి ఆగిపోయేది. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది.

మెకానిక్ షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి ఆవిడ చెప్పులు అరిగాయి. షెడ్డు ఇంటికి అయిదు నిమిషాల దూరమే. అక్కడికి వెళ్ళేసరికి ఆ కారు నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా ఉండేది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు.

"ఇంజను బంగారంలా ఉందక్కా. మీకే నడపడం సరిగ్గా రావట్లేదేమో," అన్నాడు చివరికి.

ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. ఇంటికెళ్తే భర్తదీ అదే పాట. "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్, పీడా పోతుంది!"

అలాంటి రోజుల్లోనే పక్క ఊరి నాటకశాలకి కొత్త తెర కుట్టే పని వచ్చింది. ముదురెరుపు మఖమల్ తెర. అంత పెద్ద పని ఆవిడ జన్మలో చేయలేదు. మూడు వారాలు ఒళ్ళు హూనం చేసుకుని కుట్టింది. సాయంత్రం నాటకం, మధ్యాహ్నానికల్లా తెర కట్టాలి. దాన్ని వెనక సీటు నిండా కూరి, నలభై నిమిషాల దారికి బయల్దేరింది.

సరిగ్గా వంతెన మీద కారు ఆగింది.

"ఏమ్మా, ఇక్కడే కాపురం పెట్టావా?" అని అరుస్తూ వెనక లారీ డ్రైవరు దిగివచ్చి, కారుని పక్కకి నెట్టిపెట్టాడు. "ఇంతకీ పెట్రోలుందా అసలు?"

ఆవిడకి ఒళ్ళు మండింది. చూసుకో అన్నట్టు ట్యాంకు మూత విసురుగా తిప్పింది. బుస్సుమంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. గట్టిగా బిగిసిన సీసా మూత తీస్తే వచ్చే చప్పుడే అది. ఆవిడ క్షణం ఆగి, పరుగున వెళ్ళి తాళం తిప్పింది. అరగంట ఆగాల్సిన ఇంజను అప్పటికప్పుడే అందుకుంది.

మూతని వెలుతురుకి పట్టి చూసింది. అంచు కింద గాలి కోసం చేసిన సన్నటి బెజ్జం, రంగుతో పూడుకుపోయి ఉంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి. పోయే దారి లేకపోతే ఇంజనుకి పెట్రోలు అందేదెలా? పాపం, కారు నిజంగానే ఊపిరాడక ఆగిపోతోంది! సూదుల డబ్బాలోంచి లావుపాటి సూది తీసి బెజ్జం పొడిచి, మూత బిగించి బయల్దేరింది. ఇరవై నిమిషాలు గడిచాయి. కారు ఆగలేదు. నాటకశాల ముందు దిగేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఒంటిగంటకల్లా తెర కట్టేశారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు కారు ఆపింది.

"ఎక్కు తమ్ముడూ. నా డ్రైవింగ్ చూద్దువుగాని."

"పనుందక్కా..."

"ఏడాది నేను తిరిగాను. ఒక్క గంట నువ్వు తిరగలేవా?"

చేతులు తుడుచుకుని ఎక్కాడు. పదిహేను నిమిషాలయింది, ఇరవై అయింది, ముప్ఫై అయింది. మెకానిక్ సీటు అంచుకి జరిగి ఇంజను చప్పుడుకేసి చెవి రిక్కించాడు.

"ఏం మార్చారక్కా?"

"ఏమీ మార్చలేదు. కిందటేడు నువ్వు రంగు వేసినప్పుడు ట్యాంకు మూత బెజ్జం కూడా పూసేశావు. సూదితో పొడిచాను."

అతను నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ళ సర్వీసక్కా నాది! తప్పు నాదయ్యుండి మిమ్మల్ని అన్నాను." ఉండబట్టలేక తనే నవ్వేశాడు. ఆవిడా నవ్వింది, కళ్ళు తడిసేదాకా.

ఊరు ఎప్పుడో వెనకబడింది. రెండు పక్కలా పొలాలు, ఎదురుగా ఖాళీ రోడ్డు.

"ఇక వెనక్కి తిప్పుదామా అక్కా?"

"ఉండవయ్యా," అంటూ ఆవిడ గేరు మార్చింది. "ఈ దారిలో ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. ఆ మలుపు అవతల ఏముందో చూసొద్దాం."