ముత్యాలుకు పోసింది అమ్మోరు కాదు

నరసమ్మ గట్టిగా మాట్లాడడం ఆ వీధిలో ఎవరూ విని ఎరగరు. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె పైకి ఏడ్చింది లేదు. వచ్చినవాళ్ళకు టీలు పెట్టింది, గిన్నెలు కడిగింది, చాపలు మడిచి మూల పెట్టింది. అంతే. ఏడాది తిరిగొస్తున్నా ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. రోజూ ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

అటువంటి మనిషి ఆ గురువారం పొద్దున మరిది ఇంటి గుమ్మానికి వేలాడుతున్న వేపమండలు చూసి, చేతిలో ఉన్న కూరగిన్నె అరుగు మీద ఠప్పున పెట్టింది.

"ఇదేటి కమలం? ఎవరికి పోసింది?"

తోటికోడలు కమలం లోపలినుంచి చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడే ఆగక్కా. లోపలికి రాకు. మీ మరిదికి అమ్మోరు. మారియమ్మ తల్లి ఒళ్ళంతా వచ్చినాది."

"ఆదివారం పెట్టుకుని ఇప్పుడా?"

"ఆ తల్లికి నీ ఆదివారం తెలుస్తాదేటి? పంతులికి ఫోన్ సేసి వద్దని సెప్పేయ్."

ఆదివారం నరసమ్మ భర్తకు సంవత్సరీకం. ఆమెకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురు రుబినికి ఇదే మలాయ్ దేశంలో, దూరాన సుంగై పెటాని ఊళ్ళో ఫ్యాక్టరీ పని. సెలవు పెట్టి వస్తానంది. పిండం పెట్టాల్సింది ఆయన తమ్ముడు, ఈ మరిది ముత్యాలే. ఇంట్లో అమ్మోరు ఉంటే శ్రాద్ధం పెట్టకూడదు, తాలింపు వేయకూడదు, చుట్టాన్ని పిలవకూడదు. ఆ తిథి దాటితే ఆయన ఏడాది అన్నం తినకుండానే వెళ్ళిపోయినట్టు.

ముత్యాలు లారీ డ్రైవరు. చెట్టూ చేమా తెలిసినవాడు కాదు. అయినా సోమవారం కత్తి పట్టుకుని ఏటి గట్టుకు పోయాడు. "అన్నయ్యకి కట్టెల పొయ్యి మీద వండిందే పెట్టాల. గ్యాసు కూడు ఆయనకి సేరదు," అన్నాడు. వద్దంటే విన్నాడా? దొరికిన చెట్టు కొట్టి, చొక్కా విప్పి చుట్టలా భుజాన వేసుకుని, దాని మీద దుంగలు మోసుకొచ్చి నరసమ్మ పెరట్లో పడేశాడు. ఆ చొక్కా ఆమె బట్టల బండ మీద విసిరేసి, "వొదినా, ఇదేదో మరక, పోవట్లేదు," అని వెళ్ళిపోయాడు. ఆమే రుద్ది రుద్ది ఉతికింది. మరక పోలేదు. తారు పూసినట్టు ఇంకా నల్లబడింది.

ఆ మరక ఇప్పుడు గుర్తొచ్చింది. నరసమ్మ వెనక్కి తిరిగి తన పెరట్లోకి పోయి దుంగల కేసి చూసింది. నరికిన చోటల్లా కారిన పాలు నల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

రబ్బరు ఎస్టేటులో ఉన్న రోజుల్లో భర్త ఆమెను కొంగు పట్టి లాగేవాడు. "ఆ సెట్టు కింద నిలబడకు. వానకి దాని సుక్క పడినా ఒళ్ళు ఉడికిపోద్ది. మలాయోళ్ళు రెంగాస్ అంటారు." తెలిసిన మనిషి ఆయన. ఈ ఒక్క ముక్క తమ్ముడికి చెప్పడానికైనా ఉండకూడదా! పోయినవాడి మీదే కోపమొచ్చింది ఆమెకు. అన్నీ ఇలాగే, చెప్పకుండా వెళ్ళిపోవడమే.

అప్పుడే మోచేతుల కింద జిల పుట్టింది. చూసుకుంటే బట్టలు ఉతికిన చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు.

మళ్ళీ కమలం గుమ్మంలోకి పోయి, ఆగమన్నా ఆగకుండా లోపలికి నడిచింది. ముత్యాలు చాప మీద వేపాకుల్లో పడుకుని ఉన్నాడు. మొహం పూరీలా పొంగింది. కళ్ళు సన్నటి గీతలు. చేతులనిండా నీటిపొక్కులు. వేపరెమ్మతో బరబరా గోక్కుంటున్నాడు.

"స్నానం సేసినావా?"

"సబ్బు తగిలితే తల్లికి కోపం కదా వొదినా."

"సోమవారం నుంచీ అదే లుంగీ, అదే గడియారమూనా? నీకు మతుండే సేస్తున్నావా?"

కమలం కంగారుగా నరసమ్మ చేతులు చూపించింది. "ఐయో! అక్కా, నీకూ వచ్చేసినాది! నే సెప్పినా, లోపలికి రాకని."

"నిమిషంలో వచ్చేస్తాదేటే? ఇది అమ్మోరు కాదు, నల్లపాల సెట్టు. మీ ఆయన మోసుకొచ్చిన కట్టెలు. ఆ సొక్కా ఉతికినందుకు నాకు దక్కింది ఇది."

"తల్లిని అలా అనకక్కా. కళ్ళు పోతాయి."

"వాడి కళ్ళు ఇప్పటికే పోతున్నాయి కదే!"

కమలం చెంపలు వేసుకుంది. ఏం చెప్పినా అంతే. వేపాకు, పసుపు, చెంపలు. నరసమ్మకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. చాప పక్కన కూచుని మరిది భుజం మీది తుండుగుడ్డ లాగేసింది. వీపు నున్నగా, కడుపు నున్నగా, ఒక్క పొక్కు లేదు. భుజం మీద మాత్రం చొక్కా చుట్ట పెట్టుకున్న మేర ఎర్రటి పట్టీ.

"సూడు. అమ్మోరు దుంగ మోసిన కాడే వస్తాదా? వీపూ కడుపూ వొదిలేస్తాదా? ముత్యాలూ, సిన్నప్పుడు నీకూ మీ అన్నయ్యకీ ఒక్కసారే పోసినాది కదా, ఎస్టేటు కూలీల లైన్ ఇంట్లో. నువ్వు పక్కింటి తాలింపు వాసనకి ఏడిస్తే ఆయన నీ ముక్కు మూసినాడంట. నాకు ఎన్నిసార్లు సెప్పినాడో."

ముత్యాలు గోకడం ఆపాడు. నుదుటి మీద, ఆ వాపులో కూడా, పాత మచ్చ ఒకటి కనబడుతోంది.

"రెండోసారి రాకూడదని ఉందేటి?" అంది కమలం, ఈసారి కొంచెం మెల్లగా.

ముత్యాలు లేచి కూచున్నాడు. గోడ తడుముకున్నాడు. "కమలం, నాకు కళ్ళు ఆనట్లేదు. ఆదివారం అన్నయ్యకి పిండం నేనే పెట్టాల. అమ్మోరే అయితే వచ్చి నాకు సెప్పనీ. వొదినా, క్లినిక్‌కి పోదాం."

కమలం ఆటో పిలిచింది గానీ, మొగుడి జేబులో నాలుగు వేపాకులు కుక్కడం మానలేదు.

క్లినిక్‌లో మలాయ్ డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, "రెంగాస్ కొట్టారా?" అంది. కళ్ళదాకా పాకింది కాబట్టి మాత్రలు రాసింది, పైన పూయడానికి గులాబీరంగు మందు ఇచ్చింది. చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడగాలి, గోళ్ళ కింద కూడా. గోళ్ళు కత్తిరించాలి. చల్లటి తడిగుడ్డ వేయాలి, గోకకూడదు. ఆ రోజే, తగిలిన వెంటనే కడుక్కుని ఉంటే ఇంత ముదిరేది కాదంది. పొక్కుల్లో నీరు ఎవరికీ అంటదు. అంటేది చెట్టు జిడ్డు. లుంగీ, గడియారం, కత్తి, అన్నీ చేతులకు తొడుగులు వేసుకుని విడిగా కడగాలి. ఆ కట్టె మాత్రం ముట్టించవద్దు, పొగ లోపలికి పోతే ఊపిరితిత్తులు కూడా ఇలాగే పొంగుతాయి అంది.

ఇంటికొచ్చేసరికి, వెనక ఉండిపోయిన కమలం నరసమ్మ పెరట్లో మూడు రాళ్ళు పేర్చి, ఆ దుంగల చీలికలే పెట్టి, అగ్గిపుల్ల గీస్తోంది.

"కమలం!"

ఆ కేకకు పక్కింటి మలాయ్ ముసలాయన కూడా బయటికొచ్చాడు.

"ఏటక్కా, తల్లికి అంబలి కాద్దామని… అమ్మోరు కాదంటే కాదు లే, ఎండినాయి కదా, ఊరికే పారేయడమెందుకు?"

"పారేయాల! ముట్టుకోకుండా పారేయాల! ముట్టిస్తే ఇంటిల్లిపాదికీ ఆదివారం నేనే పిండాలు పెట్టాల్సొస్తాది!"

కమలం అగ్గిపుల్ల ఆర్పేసి, ఆమె కేసి కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చేతులు కడుక్కోమని నరసమ్మే సబ్బు ఇచ్చి, పక్కన నిలబడి రెండుసార్లు కడిగించింది.

ఆదివారం వంట గ్యాసు మీదే జరిగింది. రుబిని తాలింపు వేస్తుంటే ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ముత్యాలు వాపు కొంత తగ్గి, చేతులనిండా గులాబీరంగు పూతతో పీట మీద కూచున్నాడు. క్లాంగ్ నుంచి వచ్చిన పంతులు ఆ చేతుల కేసి చూసి ఏదో అనబోయాడు. నరసమ్మ మొహం చూసి మంత్రం అందుకున్నాడు.

అన్నయ్య పేరు చెప్పమన్నప్పుడు ముత్యాలు సగంలో ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పిండం ఆకు మీద పెట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం ముట్టుకోవద్దన్నారు కనుక చేతులు గాల్లో పెట్టుకుని కూచున్నాడు.

నరసమ్మ లేచి వచ్చి, కొత్త గుడ్డ చివరతో అతని కళ్ళు అద్దింది.

"ఏడవకు ముత్యాలూ. ఉప్పునీళ్ళు తగిల్తే మంటెక్కుద్ది," అంది. అని, అదే గుడ్డతో తన కళ్ళు కూడా తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా కన్నీళ్ళు ఆగలేదు.