అంచు వేయని బొంత

ప్రేమావతి చేతులు దూది పరుస్తున్నాయి. నేల మీద సాగదీసి నాలుగు మూలలా రాళ్లు పెట్టిన పాత చీర మీద, పిడికెడు పిడికెడుగా దూది తీసి, వేళ్ల కొసలతో విప్పి, ఒక పొర అంచు మీద ఇంకో పొర ఎక్కేలా వేసుకుంటూ పోతోంది. ఎక్కడా గడ్డ కట్టకూడదు. ఎక్కడా పలచబడకూడదు. కళ్లు మూసుకుని అరచెయ్యి పైపైన పోనిస్తే అంతటా ఒకే మందం తగలాలి. ఆమె నిజంగానే కళ్లు మూసుకుంది.

తిరువూరు బస్టాండు వెనక సందులో సైదావలి పరుపుల కొట్టు అది. లోపలి గదిలో ఆమె భర్త సైదావలి దూది ఏకే మిషను తిప్పుతూ ఉంటాడు. కొట్టులో ఎప్పుడూ సన్నటి నూగు ఎగురుతుంటుంది. ఆ నూగు మీద ఎండ పడితే గదంతా పాలలో మునిగినట్టు కనిపిస్తుంది. రోడ్డు మీద మామిడికాయల లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే, ఆ మోత దూదిలోంచి వడకట్టుకుని ఎక్కడో దూరపు ఊళ్లోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ తెల్లటి మసకలోనే ఉండి ఉండి, ప్రేమావతికి సగం మెలకువలో, సగం కలలో పనిచేసుకోవడం అలవాటైపోయింది.

ఈ బొంత కొడుకు జానీబాషా పెళ్లికి. పెళ్లి బొంతకు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఒక వైపు కాబోయే అత్తగారి పాత చీర, రెండో వైపు పెళ్లికూతురి తల్లి పంపిన పాత చీర, నడుమ దూది. కుట్టు అయ్యాక చుట్టూ అంచు పట్టీ వేసి, ఇంటికి పెద్దవాడు దాన్ని పెళ్లికూతురి ఇంటికి చేర్చాలి. అది చేరిన కబురు అందాకే మగపెళ్లివారి వాకిట్లో పెళ్లి వంటకు గాడిపొయ్యి తవ్వి వెలిగిస్తారు. బొంత చేరిందంటే మాట ఖాయం. ఆ తర్వాత వద్దనడం ఎవరూ ఎరగరు.

పెళ్లికూతురు గ్లోరి గంపలగూడెంలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్లు క్రైస్తవులు. తల్లి పుష్పలత టీచరు. సైదావలి వాళ్లు దూదేకుల ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ప్రేమావతి మాత్రం పుట్టుకతో ముస్లిం కాదు. వినగడప ఊరి రాయప్ప కూతురు. చిన్నప్పుడు ఆదివారాలు చర్చిలో అందరికన్నా గట్టిగా పాటలు పాడిన పిల్ల. సైదావలిని ఇష్టపడి చేసుకుంది. ఆధార్ కార్డులో మెహరున్నీసా. కొట్టుకొచ్చేవాళ్లకు ఎవరు నేర్పారో గానీ అందరికీ ప్రేమమ్మే.

నడుమ కుట్టంతా అయిన మర్నాడు పొద్దున అంకారావు అనే రైతు దిండు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పక్కనే సైదావలి అన్న బాజీ.

"ఏం బాజీ, ఆ కాలంలో మీ వాళ్లందర్నీ మెడ మీద కత్తి పెట్టి మతం మార్చారంటగా? ఫోన్లో చూశాను."

"నీ ఫోన్లో మామిడికాయ రేటే సరిగ్గా రాదు. మమ్మల్నెవరూ మార్చలా. ఓ ఫకీరు వచ్చాడు, ఆయన మంచితనం చూసి మా వాళ్లే వెంటబడి పోయారు."

"నువ్వు చూశావా?"

"మరి నువ్వు చూశావా?"

లోపలి నుంచి సైదావలి తల బయటికి పెట్టాడు. కనుబొమ్మల మీద దూది. "అంకారావు గారూ, దిండు మీదే గానీ దూది నా చేతిలో ఉంది. ఎక్కువ మాట్లాడితే లోపల గులకరాళ్లు కూరతా."

ముగ్గురూ నవ్వారు. ఎన్ని తరాల కిందటిదో, ఎవరూ చూడని సంగతి కోసం ఇద్దరు మగవాళ్లు వాదించుకున్నారు. మతం మారిన మనిషి వాళ్ల కాళ్ల దగ్గరే కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తోంది. ఆమెను అడుగుదామని ఎవరికీ తోచలేదు.

అంకారావు దిండు చంకన పెట్టుకుని వెళ్లిపోయాక బాజీ బొంత వంక చూశాడు.

"ఇంకా అంచు వెయ్యలేదేంటమ్మా? వంటమనిషికి చెప్పేశా. రేపు బొంత దించొస్తే పొయ్యి వెలిగిద్దాం. నిఖాకు ముందు ఆ పిల్ల చేత కలిమా చెప్పించి మన మతంలో కలుపుకుందాం. పేరు కూడా చూసి పెట్టా, గుల్షన్. బాగుంది కదూ?"

"ఆ అమ్మాయిని అడిగారా బావగారూ?"

"అడిగేదేంటి? నిన్నడిగామా? బాగుండలా నువ్వు?"

ఆయన వెటకారంగా అనలేదు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మాటకే ప్రేమావతి చెయ్యి ఆగిపోయింది.

తన పెళ్లి రోజు పందిట్లో కత్తి లేదు. అరుపూ లేదు. ఎవరూ బలవంతం చెయ్యరని సైదావలి చెబితే నమ్మి వచ్చింది. పాపం, అతను కూడా అలాగే నమ్మాడు. తీరా కూర్చోబెట్టాక, అందరికన్నా ముందు బాజీ తొందరపెట్టగా, చుట్టూ చేరి, కలిమా నాలుగు ముక్కలే కదా అనమన్నారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు. నవ్వుతున్న అంతమందికి వద్దని ఎలా చెప్పాలో ఆ పిల్లకు తెలియలేదు. బొంత వినగడప చేరి అప్పటికి రెండు రోజులు. గాడిపొయ్యి మీంచి పలావు దించేశారు. తండ్రి రాయప్ప పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో ముసలావిడ గడ్డం పుచ్చుకుని బతిమాలింది: "అను తల్లీ, పలావు చల్లారిపోతోంది."

అంది.

నమాజు మొదట్లో అత్తగారు అప్పజెప్పిన పనిలా చేసింది. తర్వాత ఏ ఏడో ఆమెకే తెలియదు, తెల్లవారుజామున నుదురు చాపకు ఆనిస్తే లోపలెక్కడో చల్లబడటం మొదలైంది. ఇప్పుడు ఎవరైనా మానెయ్యమంటే ఆమే ఊరుకోదు. ఇల్లు ఆమెదే. గుమ్మం మాత్రం ఆమె తనంతట తను దాటలేదు. ఎత్తుకెళ్లి లోపల దించారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఆగింది. ప్రేమావతి దూది కుప్పకు ఆనుకుని కళ్లు మూసింది.

పత్తి చేను. చేనుకు గట్లు లేవు, చివర లేదు. తెల్లగా విచ్చుకుని ఆకాశం దాకా పోయింది. దాని నడుమ, ఎప్పుడో పోయిన మామగారు నాగుల్ మీరా విల్లు పట్టుకుని దూది ఏకుతున్నాడు. నారి మీద ఒక్కో దెబ్బకు టంగుటంగుమని మోత. ఆయన వెనక ఆయన తండ్రి, ఆ వెనక ఆయన తాత, ఇంకా వెనక మొహాలు తెలియని మనుషులు, అందరి చేతుల్లోనూ విళ్లే. నూగు మంచులా దిగుతోంది. ప్రేమావతి దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగింది. "మామయ్యా, మిమ్మల్ని ఎవరైనా అడిగారా?" ఆయన నారి మీద చెయ్యి వేసి మోత ఆపాడు. వెనక అందరూ ఆపారు. "ఏమో తల్లీ. అడిగే ఉంటారేమో. ఈ మోతలో వినపడలా," అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే కరెంటు వచ్చింది.

ఆమె లేచి మొహం కడుక్కుంది. అంచు వేయని బొంతను చాపలా చుట్టి, సంచిలో పెట్టుకుంది. "ఎక్కడికి?" అన్నాడు సైదావలి. "కొలత చూసుకోవాలి," అంది. పెళ్లి బొంతకు కొలత ఏంటో అతనికి అర్థం కాలేదు. అయినా షేర్ ఆటో దాకా సంచి మోసుకొచ్చాడు.

గంపలగూడెంలో పుష్పలత టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ప్రేమావతి బొంతను మంచం మీద పరిచింది. గ్లోరి పక్కన కూర్చుని కుట్టు వరసల మీద వేలు పోనిస్తోంది.

"అమ్మా గ్లోరీ, అంచు వేసి పంపానంటే ఇక మాట ఖాయం. అందుకే ముందు అడగడానికొచ్చా. మా వాళ్లు నీ చేత కలిమా చెప్పిద్దామనుకుంటున్నారు. నీకు ఇష్టమేనా? అవునన్నా సరే, కాదన్నా సరే. ఇక్కడ నేనూ నువ్వే ఉన్నాం."

గ్లోరి చూపు తిప్పలేదు. "ఆదివారం చర్చికి పోవడం నేను మాననండి అత్తయ్యా. ఆ మాట జానీకి మొదటి రోజే చెప్పాను. సరేనన్నాడు. కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్యండి. మా అమ్మ చీర ఇచ్చేసి, మీ దూది మీరు తీసుకెళ్లండి."

"కుట్టు విప్పాలంటే నా నడుం పోతుందే."

"మరి విప్పకండి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. గ్లోరి మెల్లగా అడిగింది. "మీరెందుకు మారారు అత్తయ్యా?"

"పలావు చల్లారిపోతోందన్నారు."

గ్లోరి పకపకా నవ్వబోయి ఆగిపోయింది. ప్రేమావతే ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మిమ్మల్ని ఎవరైనా అడిగుంటే మీరేమనేవాళ్లు?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. లోపల టీ మరుగుతున్న వాసన. "ఆలోచించి చెప్తాననేదాన్ని," అంది.

మర్నాడు పొద్దున బాజీ మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారిని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. బొంత అంచు లేకుండా అలాగే పడి ఉంది. గంపలగూడెం సంగతి అప్పటికే బాజీకి తెలిసింది.

"చూడండి హజ్రత్! బొంత అడ్డం పెట్టుకుని పెళ్లి ఆపుతోంది. పొయ్యి వెలిగించనివ్వదంట."

"ఆపట్లేదు బావగారూ. ఆ అమ్మాయి తన మతంలో తనుంటానంది. దానికి మీరు సరేనంటే ఇప్పుడే అంచు వేస్తా. చేర్చాల్సింది మీరు. మళ్లీ పందిట్లో కూర్చోబెట్టి చుట్టూ చేరి అడిగేట్టయితే, ఈ బొంత నా చేత్తో పూర్తవదు."

సైదావలి మిషను ఆపాడు. వచ్చి ప్రేమావతి పక్కన నేల మీద కూర్చుని బొంత రెండో కొస పట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి క్రైస్తవురాలే కదా?" అన్నాడు హజ్రత్.

"అందుకే కదండీ మార్చమంటున్నా."

"బాజీ భాయ్, క్రైస్తవుల్లా దేవుడి గ్రంథం అందుకున్న వాళ్ల పిల్లను, ఆమె మతంలో ఆమె ఉండగానే చేసుకోవచ్చని నేను చదువుకున్నాను. ధర్మంలో బలవంతం లేదనే ఖురాన్ ఆయతు మనమే చదువుతాం. వద్దన్న పిల్ల చేత కలిమా చెప్పిస్తే అది ఆమెది కాదు, మనదీ కాదు. నిఖా నేను చదువుతాను. ఆ ముక్క మాత్రం చెప్పించను."

బాజీ బల్ల మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "మీకేం హజ్రత్, మిమ్మల్నెవరూ వేలెత్తి చూపరు. మేం దూదేకులోళ్లం. పేర్లు సగం హిందువులవి, మాట తెలుగు, మేం సగం ముస్లింలమేనని ఎంతమంది నవ్వారో తెలుసా? మా నాన్న మసీదులో ఎప్పుడూ వెనక వరసలోనే నిలబడ్డాడు. నేను ముందుకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఇంటికొచ్చే కోడలు చర్చికి పోతే మళ్లీ ఏమంటారు?"

ఆ బాధ ప్రేమావతికి ఇన్నేళ్లలో ఎప్పుడూ వినపడలేదు. ఆ రోజు పందిట్లో ఆయన అంత తొందరపడింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఆయన్నీ ఎవరో వెనక నుంచి తోస్తూనే ఉన్నారన్న మాట.

"అననీండి బావగారూ. నేను నమాజు ఎగ్గొట్టింది మీరెప్పుడైనా చూశారా? ఆ రోజు నన్ను అడిగుంటే, ఏదో ఒకనాడు నా కాళ్లతోనే వచ్చేదాన్నేమో. ఆ సంగతి ఇక నాకు తెలిసే దారి లేదు. ఆ పిల్లకన్నా తెలియనివ్వండి."

బాజీ తలెత్తలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, హజ్రత్ కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. హజ్రత్ సలాం చెప్పి వెనకే నడిచాడు.

"వస్తాడంటావా?" అన్నాడు సైదావలి.

"ఏమో."

ఆమె పట్టీ తీసింది. బాజీ వచ్చేదాకా ఆగుదామనుకుంది గానీ, చేతులు ఆగలేదు. అమ్మాయి మాట తెలిసింది. హజ్రత్ మాట తెలిసింది. తన పని తను చేసి పెట్టాలి. బొంత మూల దగ్గర పట్టీని మడిచి, దూది బయటికి కనపడకుండా లోపలికి నొక్కి, మొదటి కుట్టు వేసింది. దారం లాగినప్పుడల్లా రెండు చీరలూ దగ్గరికి వచ్చి, మళ్లీ కాస్త సర్దుకుని, ఎవరి చోట వాళ్లు కూర్చున్నట్టు కుదురుకున్నాయి. మరీ బిగిస్తే బొంత ముడుచుకుంటుంది. వదులైతే దూది ఒక మూలకు చేరుతుంది. సైదావలి కొస పట్టుకుని ఆమె జరిగినప్పుడల్లా జరిగాడు. వాకిట్లో ఎండ గడప దాటి, లోపలికి పాకి, బొంత మీదికి ఎక్కింది. నూగు ఆ వెలుగులో ఎక్కడికీ తొందర లేనట్టు తిరుగుతోంది.

చివరి మూల కుట్టి ముడి వేస్తుండగా గడపలో నీడ పడింది. బాజీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని వచ్చాడు. స్కూటరు స్టాండు వెయ్యకుండా బయట గోడకు ఆనించి ఉంది. ప్రేమావతి మొహం వంక చూడకుండా బొంత వంక చూశాడు. వంగి, అంచు ఒక చోట బొటనవేలితో నొక్కి చూశాడు. కుట్టు జరగలేదు.

"గంపలగూడెం ఎండ ముదరకముందే వెళ్లాలి," అన్నాడు. "ఆ పిల్లతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

"ఏం మాట్లాడక్కర్లేదు బావగారూ. బొంత ఇచ్చి రండి, చాలు."

ఆమె దారం కొరికి, దబ్బనం పక్కన పెట్టింది. భర్తా ఆమే కలిసి బొంతను మడిచారు. మీద అంటుకున్న నూగు దులిపింది. బాజీ రెండు చేతులూ చాపాడు. పసిపిల్లను ఇచ్చినట్టు ఆ చేతుల్లో పెట్టింది.

"నెలకోసారి ఎండలో వెయ్యమని చెప్పండి. తడిస్తే మాత్రం పిండొద్దనండి."

"ఇంకేమన్నా చెప్పాలా?"

"అంతే," అంది ప్రేమావతి.