మూడో సీజన్ దండగ

ఈ రోజు బుధవారం. పొద్దున మబ్బు పట్టింది గానీ వాన రాలేదు. నర్సరీలో చిరిగిన షేడ్‌నెట్ కుట్టాను.

అంగళ్లు అనే ఊరి దగ్గర మాది టమోటా నారు నర్సరీ. సోమల నుంచి వచ్చిన రైతు మునియప్ప నారు ట్రేలు ఆటోలోకి ఎక్కిస్తుండగా కుప్పం నుంచి మా బావ ఫోన్ చేశాడు. మేమిద్దరం ఒక టీవీ సిరీస్ చూస్తున్నాం. అందులో డిటెక్టివ్ ముసుగు వేసుకుని, గాల్లో ఎగిరి దొంగలను పడతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

“మూడో సీజన్ దండగ బావా, నమ్ముకోని మోసపోయినా” అన్నాను, కాస్త గట్టిగానే.

ఫోన్ పెట్టి చూస్తే మునియప్ప ట్రేలు దించుతున్నాడు.

“యాల దించుతాండావప్పా?”

“మూడో సీజన్ దండగని నువ్వే అంటివి గదప్పా! రెండు పంటలు పోగొట్టుకోని ఉండా. ఇది గూడా పోతే నేను యాడికి పోవాల?”

సిగ్గు విడిచి చెప్పక తప్పలేదు. “టమోటా గాదప్పా, అది టీవీలో వచ్చే ముసుగు డిటెక్టివ్ కథ.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఈ వయసులో ముసుగోళ్లను సూస్తాండావా? సరే, మూడోది పోయినాక మళ్లా తీసినారా?”

“నాలుగోది తీసినారు. బాగుండాదంట.”

దించిన ట్రే ఒకటి మళ్లీ చేతికి తీసుకున్నాడు. “అట్లయితే పట్టప్పా, ఎక్కిద్దాం.”

ఇద్దరం కలిసి ట్రేలన్నీ మళ్లీ ఎక్కించాం. నాలుగోది నేనింకా చూడలేదు, బావ మాట మీదే చెప్పాను. మూడో సీజన్‌లో చెడి నాలుగోదాంట్లో కోలుకున్న సిరీస్ మీరేదైనా చూసి ఉంటే చెప్పండి, మునియప్ప కోసమైనా.

సాయంత్రం ఖాళీ ట్రేలు కడగడానికి తొట్టి నింపాను. ముందు ఒక్క ఎపిసోడ్ చూసి, ఆ తర్వాత కడుగుతాను.